క్యాంపర్‌వ్యానా, విమానమా: సెలవు ప్రయాణ ఖర్చుపై తరచుగా అడిగే ప్రశ్నలు

సెలవులకు క్యాంపర్‌వ్యానులో, అంటే లోపలే పడుకుని వండుకోగలిగే బండిలో, వెళ్తే చవకా, విమానంలో వెళ్తే చవకా అన్న సందేహం ఏటా దాదాపు అవే మాటల్లో నా దగ్గరికి తిరిగి వస్తోంది. అందుకే ఆ ప్రశ్నలను ప్రయాణ దశల వారీగా ఇక్కడ చేర్చాను. ఏ ప్రశ్నకు జవాబు ఆ ప్రశ్న కిందే పూర్తిగా ఉంటుంది కనుక మీకు కావలసిన చోట చదవడం మొదలుపెట్టవచ్చు. ధరలు దేశాన్ని బట్టి, కాలాన్ని బట్టి మారిపోతాయి కాబట్టి డబ్బు అంకెలు ఎక్కడా ఇవ్వలేదు. లీటర్లు, కిలోమీటర్లు, కిలోలు, రోజులు మాత్రమే ఇచ్చాను. మీకు తెలిసిన ధరలను వాటి పక్కన వేసుకుంటే సరిపోతుంది.

## ఇంకా నిర్ణయించుకోని దశ

ఒక్క మాటలో చెప్పండి, ఏది చవక?

ఇద్దరే మనుషులు, వారం రోజుల సెలవు, వెయ్యి కిలోమీటర్లు దాటిన దూరం అయితే చాలా సందర్భాల్లో విమానమే చవక. నలుగురైదుగురు ఉండి, రెండు మూడు వారాల పాటు ఊరూరూ తిరిగే ప్రయాణమైతే మొగ్గు వ్యాను వైపు ఉంటుంది. విమానం ఖర్చు తలల లెక్కన పెరుగుతుంది, వ్యాను ఖర్చు కిలోమీటర్లు, రోజుల లెక్కన పెరుగుతుంది. ఐదో మనిషి కోసం మరో పూర్తి టికెట్టు కొనవలసిందే. అదే ఐదో మనిషి వ్యాను ఎక్కితే డీజిల్ ఖర్చులో కనిపించేంత తేడా రాదు. అలాగని ఒక్కరే వెళ్తూ, పోల్చి చూడకుండానే వ్యాను చవక అనుకుంటే మాత్రం దాదాపు ఎప్పుడూ నష్టమే.

టికెట్టు ధరను డీజిల్ ఖర్చుతో పోల్చి చూశాను, అది చాలదా?

చాలదు. అందరూ ఎక్కువగా చేసే పొరపాటు ఇదే. టికెట్టు మిమ్మల్ని ఒక చోటి నుంచి మరో చోటికి చేర్చి వదిలేస్తుంది. వ్యాను చేర్చడంతో పాటు పడుకోవడానికి చోటు, వండుకోవడానికి పొయ్యి, అక్కడ తిరగడానికి బండి కూడా ఇస్తుంది. కనుక గడప దాటినప్పటి నుంచి తిరిగి గడప తొక్కేవరకు అయ్యే ఖర్చంతా రెండు వైపులా వేయాలి. విమానం వైపు టికెట్లు, సామాను రుసుము, విమానాశ్రయానికి వెళ్లి రావడం, పార్కింగ్, అక్కడ గది, అద్దె కారు వస్తాయి. వ్యాను వైపు అద్దె లేదా సొంత బండి మీద పడే వాటా, డీజిల్, టోల్, ఫెర్రీ (బండిని నీటి మీద దాటించే ఓడ), రాత్రి బస, గ్యాసు, ఇన్సూరెన్సు వస్తాయి. దారిలో గడిపే రాత్రులను వ్యాను వైపు మరిచిపోవడం, విమానాశ్రయపు పార్కింగ్‌ను విమానం వైపు మరిచిపోవడం చాలామందికి అలవాటు.

ధరలు రోజూ మారుతుంటే ఏ లెక్క నమ్మాలి?

నేను లీటర్లలో లెక్క వేస్తాను. వెళ్లడానికి 1,200, రావడానికి 1,200, అక్కడ తిరగడానికి 600, మొత్తం 3,000 కిలోమీటర్లు అనుకుందాం. వ్యాను వంద కిలోమీటర్లకు 11 లీటర్లు తాగితే 330 లీటర్లు కావాలి. నలుగురు పంచుకుంటే తలకు 82.5 లీటర్లు, ఇద్దరే అయితే 165 లీటర్లు. ఇప్పుడు అన్ని రుసుములూ కలిపిన రానుపోను టికెట్టు ధరను ఆనాటి లీటరు డీజిల్ ధరతో భాగించండి. ఆ టికెట్టు 120 లీటర్లకు సమానమని తేలితే, డీజిల్ వరకే చూసినప్పుడు నలుగురికి వ్యాను ప్రయాణం చవక, ఇద్దరికి ఖరీదు. వ్యాను అద్దె, టోల్, గది ధర, అద్దె కారు కూడా ఇలాగే లీటర్లలోకి మార్చి అటూ ఇటూ కలిపితే, ఏ దేశపు డబ్బులో చూసినా లెక్క పోల్చడానికి అనువుగా ఉంటుంది.

అంత పెద్ద విమానం నడపడానికి అయ్యే ఖర్చుకు టికెట్టు అంత చవకగా ఎలా వస్తుంది?

ముఖ్యంగా రెండు కారణాలున్నాయి. మొదటిది పన్ను. చాలా దేశాల్లో పెట్రోలు, డీజిల్ ధరలో పెద్ద భాగం పన్నే. అంతర్జాతీయ విమానాల ఇంధనం మీద మాత్రం ఆ బరువు సాధారణంగా పడదు. అంతర్జాతీయ విమానయానంపై దేశాలు 1944లో చేసుకున్న షికాగో ఒప్పందంలోని 24వ అధికరణం విమానంతో పాటు వచ్చిన ఇంధనానికి సుంకం మినహాయించింది. ఆ తరువాత దేశాలు పరస్పరం కుదుర్చుకున్న విమానయాన ఒప్పందాలు దిగిన దేశంలో నింపుకునే ఇంధనానికి కూడా ఈ మినహాయింపును విస్తరించాయి. రెండోది సీట్ల అమ్మకం. ఖాళీగా ఎగిరిన సీటును మళ్లీ అమ్ముకోలేరు కాబట్టి, గిరాకీ లేని రోజుల్లో విమాన సంస్థలు ధర బాగా దించుతాయి, సెలవుల రద్దీలో అదే సీటు ధరను ఎన్నో రెట్లు పెంచుతాయి. బడి సెలవుల్లోనే కదలగలిగే కుటుంబానికి ఆ చవక టికెట్టు అందదు. వారు పోల్చుకోవలసింది రద్దీ రోజుల ధరతోనే.

దారిలో పోయే రోజులకు కూడా విలువ కట్టాలా?

తప్పకుండా కట్టాలి. మధ్యలో ఆగే సమయం కూడా కలుపుకుంటే వ్యాను సగటు వేగం గంటకు 75 కిలోమీటర్లు దాటడం కష్టం. ఆ లెక్కన 1,200 కిలోమీటర్లకు 16 గంటలు, అంటే నిదానంగా నడిపితే రెండు పగళ్లు పడతాయి. రానుపోను నాలుగు రోజులు పోతే, పద్నాలుగు రోజుల సెలవులో మిగిలేవి పది. విమానంలో ఇంటి నుంచి బస వరకు అర రోజు, మహా అయితే ఒక రోజు పడుతుంది. సెలవు మొత్తం ఖర్చును అక్కడ గడిపే రోజులతో భాగించి చూడండి, తేడా తెలుస్తుంది. అయితే ఆ నాలుగు రోజులూ వృథాయేనా అన్నది మీరు ఎంచుకునే దారిని బట్టి ఉంటుంది. దారి పొడవునా ఆగి చూడవలసినవి ఉంటే అవి సెలవు రోజులే. పెద్ద రహదారి మీద గమ్యం కోసం పరుగెత్తడమే అయితే, నా ఉద్దేశంలో ఆ రోజులను ఖర్చు కిందే రాయాలి.

## అద్దెకు తీసుకునే దశ, కొనే దశ

రోజు అద్దె తక్కువే ఉంది. చివరికి బిల్లు ఎందుకు తడిసి మోపెడవుతుంది?

రోజు అద్దెలో బండి మాత్రమే వస్తుంది. బండి సిద్ధం చేసినందుకు గుండుగుత్త రుసుము, పక్క బట్టలు, బయట వేసుకునే కుర్చీలు, రెండో డ్రైవరు, పరిమితి దాటిన కిలోమీటర్లు, ఒక ఊళ్లో తీసుకుని మరో ఊళ్లో అప్పగిస్తే అదనపు రుసుము, టాయిలెట్ క్యాసెట్ (బండిలోని మరుగుదొడ్డి కింద ఉండే డబ్బా) ఖాళీ చేయకపోతే శుభ్రం చేసినందుకు రుసుము, ఇవన్నీ విడివిడిగా పడతాయి. కిలోమీటర్ల పరిమితిని ముందుగా చూడండి. రోజుకు 200 కిలోమీటర్ల పరిమితితో పది రోజులకు తీసుకుంటే 2,000 కిలోమీటర్లు వస్తాయి. మీ దారి 3,000 అయితే మిగిలిన వెయ్యికి విడిగా కట్టాలి.

అప్పగింత దగ్గర నాకు ఎదురైనది చెబుతాను. బండి తీసుకున్నప్పుడు నాలుగు వైపులా ఫొటోలు తీసుకున్నాను, లోపల అరలు కూడా తీశాను. తిరిగి ఇచ్చిన రోజు ఒక అబ్బాయి నిచ్చెన వేసుకుని పైకెక్కి, వెనుక పైఅంచు మీద అరచేయి ఆనించి మెల్లగా జరుపుతూ వచ్చి ఒకచోట ఆపాడు. వేలెడు పొడవు గీత, అందులో చెట్టు కొమ్మ వదిలిన ఆకుపచ్చ చార ఉన్నాయి. అది నా చేతిలో పడిందో ముందే ఉందో చూపించడానికి నా దగ్గర పైకప్పు ఫొటో లేదు. డిపాజిట్టులో పెద్ద భాగం అక్కడే పోయింది. పైకప్పు, పైఅంచులు, బండి కింది భాగం కూడా ఫొటోలు తీసుకున్నాకే తాళం చేతిలోకి తీసుకోండి.

ఇన్సూరెన్సు ఉందన్నారు, మళ్లీ "ఎక్సెస్" ఏమిటి?

ప్రమాదం జరిగితే మొదటి భాగం మీరు భరించాలి, ఆ పైన పడేది ఇన్సూరెన్సు భరిస్తుంది. మీరు భరించే ఆ మొదటి భాగమే ఎక్సెస్. క్యాంపర్‌వ్యానుకు ఇది కారు కంటే ఎక్కువగా ఉంటుంది. దాన్ని తగ్గించడానికి రోజుకు ఇంత అని అదనపు రుసుము అడుగుతారు. పైకప్పు, కింది భాగం, టైర్లు, అద్దాలు ఆ రుసుము కట్టినా చాలాచోట్ల పరిధిలోకి రావు. సంతకం చేసే ముందు ఈ నాలుగింటి గురించీ అడగండి.

సొంత వ్యాను ఉంటే డీజిల్ ఒక్కటే కదా ఖర్చు?

ఇందులో రెండు వేర్వేరు ప్రశ్నలున్నాయి. వ్యాను ఇప్పటికే మీ దగ్గర ఉంది, ఈసారి విమానంలో వెళ్లినా దాన్ని అమ్మబోరు. అప్పుడు ఈ ఒక్క ప్రయాణానికి పోల్చవలసింది డీజిల్, టోల్, బస, గ్యాసు, కిలోమీటర్ల మీద వచ్చే అరుగుదల మాత్రమే. ఇన్సూరెన్సు, పన్ను మీరు వెళ్లినా వెళ్లకపోయినా కట్టేవే. ఈ లెక్కలో సొంత వ్యాను తరచుగా గెలుస్తుంది.

అసలు వ్యాను కొనాలా వద్దా అన్నది వేరే ప్రశ్న. ఏనుగును కొనడం కంటే మేపడం కష్టమన్నట్టు, ఇక్కడ నిలబెట్టిన బండి కూడా తింటూనే ఉంటుంది. కొన్న ధరలోంచి అమ్మితే వచ్చే ధర తీసేసి, ఉంచుకునే సంవత్సరాలతో భాగించండి. దానికి ఏటా కట్టే ఇన్సూరెన్సు, పన్ను, సర్వీసు, నిలబెట్టే చోటి అద్దె కలపండి. వచ్చిన మొత్తాన్ని అలాంటి బండికి ఒక రాత్రికి పడే అద్దెతో భాగిస్తే, ఏడాదికి కనీసం ఎన్ని రాత్రులు వాడితే గిట్టుబాటు అవుతుందో తేలుతుంది. ఆ అంకె 40 వచ్చి, మీకు ఉద్యోగంలో దొరికే సెలవులు 25 రోజులే అయితే, ఎంత మనసుపడినా డబ్బు లెక్కలో అద్దె బండే మేలు.

పాత వ్యాను చవకగా వస్తోంది, ఏం చూసి కొనాలి?

ఇంజను కంటే ముందు తేమ చూడండి. పైకప్పు అతుకులు, కిటికీ మూలలు, మంచం కింది అరల లోపలి గోడల మీద బొటనవేలితో గట్టిగా నొక్కుతూ వెళ్లండి. ఎక్కడైనా మెత్తగా లోపలికి దిగితే లోపలి చెక్క కుళ్లిందని అర్థం. ఆ మరమ్మతు బండి చవకను మొత్తం మింగేస్తుంది. తరువాత టైర్లు చూడండి. ఎక్కువ రోజులు కదలకుండా నిలబడే బండి కాబట్టి టైర్లు అరిగేలోపే వయసు మీరుతాయి. టైరు పక్క గోడ మీద డీఓటీ (DOT) అన్న అక్షరాల వరుస చివర నాలుగు అంకెలుంటాయి. 3519 అని ఉంటే 2019లో 35వ వారంలో తయారైందని అర్థం. గాడులు లోతుగా ఉన్నా టైరు పాతదైతే నాలుగు కొత్త టైర్ల ధరను బేరంలో తగ్గించమని అడగండి.

పెద్ద బండి తీసుకుంటే హాయిగా ఉంటుంది కదా?

ఉంటుంది, కానీ ప్రతి మెట్టు దగ్గరా దానికి ధర పడుతుంది. చిన్న వ్యాను వంద కిలోమీటర్లకు 7 నుంచి 9 లీటర్లు తాగితే, నిలబడి తిరగగలిగే ఎత్తైన వ్యాను 10, 11 లీటర్లు, విడిగా కట్టిన పెట్టె ఉన్న మోటార్‌హోమ్ 12 నుంచి 14 లీటర్లు తాగుతాయి. బరువు కూడా చూసుకోవాలి. ఐరోపాలో మామూలు కారు లైసెన్సుకు చాలాకాలంగా 3,500 కిలోల హద్దు ఉంది. పెద్ద బండి ఖాళీగానే ఆ హద్దు దగ్గరికి వస్తుంది. వంద లీటర్ల నీళ్లు నింపితే వంద కిలోలు, నలుగురు మనుషులు మరో మూడు వందల కిలోలు. తూకంలో ఎక్కువ తేలితే జరిమానా పడుతుంది, ప్రమాదం జరిగితే ఇన్సూరెన్సు సంస్థ అభ్యంతరం చెప్పే అవకాశమూ ఉంది.

## దారిలో పడే ఖర్చులు

డీజిల్ ఖర్చు నిజంగా తగ్గించుకోవచ్చా?

వేగం తగ్గిస్తే తగ్గుతుంది, మిగిలినవన్నీ దాని తరువాతే. గాలి నిరోధం వేగపు వర్గంతో పెరుగుతుంది. గంటకు 110 కిలోమీటర్ల నుంచి 90కి దిగితే ఆ నిరోధం మూడింట ఒక వంతు తగ్గుతుంది. ఎత్తుగా, గోడలా నిలబడే బండికి గాలే ప్రధాన శత్రువు కాబట్టి ఈ తేడా కారులో కంటే ఇక్కడ బాగా కనిపిస్తుంది. దీనికి బదులుగా పోయేది సమయం. ఆగకుండా 1,200 కిలోమీటర్లకు 110 వేగంతో దాదాపు 11 గంటలు, 90 వేగంతో 13 గంటల 20 నిమిషాలు పడుతుంది. నేనైతే ఆ రెండున్నర గంటలూ ఇచ్చి డీజిల్ మిగుల్చుకుంటాను. టైర్లలో గాలి సరిగా పెట్టించడం, ఖాళీ పైకప్పు పెట్టెను దించడం, నీళ్లను గమ్యం దగ్గర నింపుకోవడం కూడా కలిసొస్తాయి.

టోల్, ఫెర్రీ కారు ధరకే వస్తాయా?

చాలాచోట్ల రావు. టోల్ తరగతిని బండి ఎత్తు, ఇరుసుల సంఖ్య, బరువు చూసి నిర్ణయిస్తారు. ఫెర్రీలో పొడవు, ఎత్తు చూస్తారు. వెనుక సైకిళ్ల స్టాండు తగిలిస్తే దాన్ని కూడా కలిపి కొలవాలి. టికెట్టులో రాసిన పొడవుకూ రేవులో కొలిచిన పొడవుకూ తేడా వస్తే అక్కడికక్కడే అదనంగా కట్టించుకుంటారు.

రాత్రి ఎక్కడైనా ఉచితంగా ఆపుకోవచ్చు కదా?

కొన్ని దేశాల్లో ఆపుకోవచ్చు, కొన్నింట్లో జరిమానా వేస్తారు, ఒకే దేశంలో ఊరికో నిబంధన కూడా ఉంటుంది. కనుక బస ఖర్చును సున్నా అని రాయకండి. మూడు రాత్రులకు ఒకసారైనా క్యాంప్‌సైట్‌లో ఆగి, నీళ్లు నింపుకుని, మురుగు వదిలి, బట్టలు ఉతుక్కోవలసి వస్తుంది. అక్కడ కరెంటు కనెక్షనుకు తరచుగా విడిగా కట్టాలి. దాని శక్తి ఎంతో అడిగి తీసుకోండి. 230 వోల్టుల దగ్గర 6 ఆంపియర్లంటే 1,380 వాట్లే. 2,000 వాట్ల కెటిల్ పెడితే ఫ్యూజు పోవచ్చు.

గ్యాసు ఎంత కావాలి?

వంటకు మాత్రమే అయితే చాలా తక్కువ. కిలో గ్యాసులో సుమారు 13 యూనిట్ల వేడి ఉంటుంది. 2 కిలోవాట్ల పొయ్యి రోజుకు గంట వెలిగితే 150 గ్రాములు, రెండు వారాలకు రెండు కిలోల చిల్లర ఖర్చవుతుంది. చలిలో హీటరు వేస్తే లెక్క మారిపోతుంది. 4 కిలోవాట్ల హీటరు పూర్తిగా నడిస్తే గంటకు 300 గ్రాములు దాటుతుంది. చలి ప్రాంతానికి ప్రొపేన్ తీసుకోండి, ఎందుకంటే బ్యూటేన్ సున్నా డిగ్రీల దగ్గర ఆవిరి కావడం మానేస్తుంది.

వ్యానులో వండుకుంటే తిండి ఖర్చు మొత్తం మిగిలినట్టేనా?

కాదు. ఇంట్లో ఉన్నా తింటారు కాబట్టి సరుకుల ఖర్చు రెండు వైపులా ఉంటుంది. మిగిలేది బయట తిన్న పూటకూ వండుకున్న పూటకూ ఉన్న తేడా మాత్రమే. సెలవులో రోజూ వండాలనిపించదు. రోజుకు రెండు పూటలు వండుకుంటామని రాసుకున్నవారు సగటున ఒక పూటే వేసుకుంటే లెక్క నిజానికి దగ్గరగా ఉంటుంది.

## విమానం వైపు లెక్క

టికెట్టు కొన్నాక ఇంకేం ఖర్చవుతుంది?

చవక టికెట్టుతో చాలాసార్లు సీటు కింద పట్టే చిన్న సంచి మాత్రమే వస్తుంది. చెక్ ఇన్ చేసే 23 కిలోల పెట్టెకు, పక్కపక్క సీట్లకు విడిగా కట్టాలి, అది కూడా వెళ్లేటప్పుడు ఒకసారి, వచ్చేటప్పుడు ఒకసారి. తెల్లవారుజామున బయలుదేరే విమానం చవకగా కనిపించినా, ఆ వేళకు బస్సు, రైలు లేకపోతే టాక్సీకో ముందు రాత్రి గదికో చేతి చమురు వదులుతుంది. దిగిన చోట అద్దె కారు తీసుకుంటే పిల్లల సీటుకు రోజు లెక్కన వసూలు చేస్తారు.

చిన్న పిల్లలు ఉంటే ఏది మేలు?

చాలా విమాన సంస్థల్లో రెండేళ్లలోపు బిడ్డ ఒళ్లో కూర్చుంటే నామమాత్రపు ధర, రెండేళ్లు నిండితే సొంత సీటు కొనాలి. ఆ పుట్టినరోజు దాటాక కుటుంబాలకు వ్యాను వైపు మొగ్గు పెరుగుతుంది. అయితే వ్యానులో ఒకటి సరిచూసుకోవాలి. నలుగురు పడుకోగల బండిలో బెల్టు ఉన్న సీట్లు రెండే ఉండవచ్చు. పడకల సంఖ్య కాదు, బెల్టుల సంఖ్య అడగండి. పిల్లల సీటు బిగించడానికి వీలుందో లేదో కూడా అడగండి.

విమానంలో వెళ్లి అక్కడ వ్యాను అద్దెకు తీసుకుంటే ఎలా ఉంటుంది?

గమ్యం బాగా దూరమై, అక్కడ తిరగవలసింది ఎక్కువైతే నా దృష్టిలో ఇదే సరైన పద్ధతి. దారిలో పోయే రోజులు మిగులుతాయి, గది, కారు రెండింటి పనీ వ్యాను చేస్తుంది. కానీ కొన్ని అద్దె సంస్థలు సుదూర విమానం దిగిన రోజే బండి అప్పగించవు, కనుక మొదటి రాత్రి గది ఖర్చు వేసుకోండి. తేదీల పట్టింపు లేనివారు మరొకటి కూడా చూడవచ్చు. ఒక ఊళ్లో పోగైన బండ్లను మరో ఊరికి చేర్చుకోవడానికి సంస్థలు వాటిని చాలా తక్కువ అద్దెకు ఇస్తుంటాయి, కాకపోతే గడువు బిగువుగా ఉంటుంది.

ఇంధనం ఎక్కువ కాల్చేది ఏది?

కొత్త తరం విమానాలు సీటుకు వంద కిలోమీటర్లకు సుమారు 2 నుంచి 3 లీటర్లు కాలుస్తాయి. 11 లీటర్లు తాగే వ్యానులో నలుగురుంటే తలకు 2.75, ఇద్దరుంటే 5.5 లీటర్లు. లీటరు డీజిల్ కాలితే సుమారు 2.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. విమానం విషయంలో ఎత్తులో ఏర్పడే పొగమేఘాల చారలు కూడా భూమిని వేడెక్కిస్తాయి కాబట్టి లీటర్లు సమానమైనా ప్రభావం సమానం కాదు. సీట్లు నింపుకుని, దగ్గరి చోటు ఎంచుకున్న వ్యానే ఈ విషయంలో మేలు.

## తిరిగి వచ్చాక

ఖర్చంతా రాసిపెట్టుకోవడం అవసరమా?

అవసరం. అంచనాలు ఎంత జాగ్రత్తగా వేసినా మీ బండి, మీరు నడిపే తీరు ఇచ్చే అంకె వేరుగా ఉంటుంది. నా వ్యానులో డ్యాష్‌బోర్డు అరలో ఒక చిన్న నోటు పుస్తకం, దారంతో కట్టిన పెన్సిలు ఉంటాయి. బంకు దగ్గర కదలకముందే తేదీ, మీటరు అంకె, లీటర్లు, కట్టిన డబ్బు, ఆ రాత్రి పడుకున్న చోటు రాస్తాను. ప్రతిసారీ ట్యాంకు నిండా పోయిస్తేనే లెక్క కుదురుతుంది. గత పేజీలో మీటరు 48,210, తరువాత నింపినప్పుడు 48,735, పోసింది 61 లీటర్లు. అంటే 525 కిలోమీటర్లకు 61 లీటర్లు, వందకు 11.6. ఇంటికి చేరాక ఖర్చు మొత్తాన్ని మనుషుల సంఖ్యతోనూ రాత్రుల సంఖ్యతోనూ భాగించి, వచ్చిన అంకెను అట్ట లోపలి వైపు రాసిపెట్టుకోండి. వచ్చే ఏడాది విమానం టికెట్టు, గది, కారు ధరలు చూసినప్పుడు పక్కన పెట్టి పోల్చవలసిన అంకె అదే.